నోరు తిరుగుట: పుట్టుక వలననా, పెంపకము వలననా?



తెలుగు పల్లెలలో ఒకే అరుగు మీద, ఒకే పూట, ఒకదాని కొకటి పొసగని సామెతలు వినబడుచుండును. పొరుగువాని కొడుకు చెడు పని చేసెనా, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అందురు. అదే పని తమ కొడుకు చేసెనా, "ఆరు నెలలు సావాసము చేసిన వారు వీరగుదురు" అని నేరమును స్నేహితుల మీదికి త్రోయుదురు. పిల్లవానిని బడికి ఈడ్చుకొని పోవునప్పుడు "మొక్కై వంగనిది మానై వంగునా" అని మూడవ సామెతను తెత్తురు. మూడును నిజములే యని పల్లె నమ్మును. ఏ సామెత ఎవరి మీద ప్రయోగింపబడుచున్నదో కనిపెట్టి చూచినచో, అన్నవారి బుద్ధి కొంత తెలియును.

ఇట్టి ప్రయోగములలో మిక్కిలి బాధాకరమైనది "వానికి నోరు తిరుగదు" అను మాట. శకారమునకు సకారము పలికిన బాలుని చూచి, ళకారమునకు లకారము పలికిన బాలికను చూచి, "ఆ ఇంట పుట్టినవారికి ఆ యక్షరము రాదు" అని తీర్పు చెప్పుట తరతరములుగా జరిగినది. తీర్పు చెప్పినవారు చదువుకొన్నవారు. తీర్పు విన్నవారు పలకను ఇంటిచూరులో చెక్కి గొడ్ల వెంట పోయినవారు. కావున నోరు తిరుగుట నెత్తుటిలో నున్నదా, ఇంటిలో నున్నదా యను ప్రశ్న పండితుల కాలక్షేపము గాదు.

ప్రాచీనులును ఈ చర్చ యొరిగినవారే. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున బీజము గొప్పదా, క్షేత్రము గొప్పదా యను వాదము కలదు. ఐతే ఆ వాదము ప్రధానముగా పుట్టిన బిడ్డ ఎవరికి చెందవలెనో తేల్చుటకు వచ్చినది. పంట విత్తినవానిదా, పొలము గలవానిదా యను పట్టా తగవు వంటిది. బిడ్డ మనస్సు ఎట్లు ఏర్పడునను సంగతి అందు వెనుకబడినది. భారతమున కర్ణుని కథ ఇంతకన్న దగ్గరగా వచ్చును. కుంతి కన్నది, రాధ పెంచినది. తాను కుంతీ పుత్రుడనని తెలిసిన పిదప సైతము పెంచిన తల్లిదండ్రులను విడువజాలనని అతడు పలికిన ఘట్టము ఉద్యోగపర్వమునందున్నది. అతని శౌర్యమును పుట్టుక ఖాతాలోను, విశ్వాసమును పెంపకము ఖాతాలోను జమకట్టుట కథకులకు అలవాటు. మనిషిని అట్లు పాళ్లు వేయుట కుదురునా?

కెనడా దేశపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్ చెప్పినదిగా ఒక మాట ప్రసిద్ధి కెక్కినది. చేని వైశాల్యములో పొడవు పాలెంత, వెడల్పు పాలెంత అని అడుగుట ఎట్టిదో, మనిషిలో పుట్టుక పాలెంత, పెంపకము పాలెంత అని అడుగుటయు అట్టిదేనట. గొలుసు పట్టి పొలము కొలిచినవారికి దీనిని వివరింప నక్కరలేదు. పొడవు లేని చేను లేదు. వెడల్పు లేని చేనును లేదు. ఐనను రెంటిని వేరువేరుగా కొలిచి చూడవచ్చును గదా! మాట నేర్చుట యను విషయమున అట్టి కొలతలు చాలవరకు జరిగినవి గనుక, ఈ ప్రసంగము మాటకే పరిమితము.

మొదట ఈ కొలతకు పూనుకొన్నవారు రాజులు. క్రీస్తు పూర్వము 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, ఐగుప్తు రాజగు సామెటికస్ కథ వ్రాసెను. లోకమున మొదటి జాతి ఏదో తెలిసికొనగోరి ఆ రాజు అప్పుడే పుట్టిన ఇద్దరు బిడ్డలను ఒక గొల్లవాని కప్పగించి, వారి యెదుట ఎవరును ఒక్క మాటయు పలుకరాదని శాసించెను. మేకపాలతో బిడ్డలు పెరిగిరి. రెండేండ్లకు వారు చేతులు చాచి "బెకోస్" అనిరట. అది ఫ్రిజియా భాషలో రొట్టెకు పేరు. అంతట ఐగుప్తీయులు తమకన్న ఫ్రిజియావారే ప్రాచీనులని ఒప్పుకొనిరట. మేకల నడుమ పెరిగిన బిడ్డ "బే" యని అరచుటకు ఫ్రిజియా వరకు పోనేల యని తరువాతివారు నవ్విరి.

అక్బరు పాదుషా చేసిన పని అట్టి కట్టుకథ గాదు. ఆయన కొలువులోనివారే వ్రాసియుంచిన చరిత్ర. పసిబిడ్డలను తల్లులనుండి వేరుచేసి, నోరు విప్పరాదని ఆజ్ఞ పొందిన దాదులచేత ఒక భవనమున పెంపించిరి. జనులు దానికి గుంగ్ మహల్, అనగా మూగల మేడ, అని పేరు పెట్టిరి. 1582లో పాదుషా స్వయముగా అచ్చటికి పోయి చూచెను. నాలుగేండ్లు గడచినను ఆ బిడ్డలకు మాట యన్నది రాలేదని అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో వ్రాసెను. బిడ్డలను ధనమిచ్చి తెచ్చిరనియు, వారిలో పలువురు మరణించిరనియు బదాయూనీ వ్రాసెను. పాదుషా జిజ్ఞాసను మెచ్చుకొనువారున్నారు. మెచ్చుకొనుటకు ముందు ఆ తల్లులను ఒకమారు తలచుకొనుట మేలు.

ఏదెట్లున్నను ఒక సంగతి తేలినది. మాట యనునది, పండ్లు మొలచినట్లు, గడ్డము వచ్చినట్లు, కాలము రాగానే దానంతట వచ్చునది గాదు. వినిపించువారు లేనియెడల పారసీకము రాదు, సంస్కృతము రాదు, మరి ఏ భాషయు రాదు.

1800 జనవరిలో దక్షిణ ఫ్రాన్సునందు ఆవేరాన్ ప్రాంతమున అడవిలో తిరుగుచుండిన బాలుడొకడు జనులచేత చిక్కెను. వయస్సు సుమారు పండ్రెండేండ్లు. వానికి విక్టర్ అని పేరు పెట్టి, ఇటార్ అను యువ వైద్యుడు పారిసులో చెవిటి బిడ్డల పాఠశాలయందు సుమారు ఐదేండ్లు చదువు చెప్పెను. పాలు అను అర్థము గల పదమును అక్షరపు ముక్కలతో పేర్చుట వాడు నేర్చెను. చెప్పిన పనులు చేసెను. తన్ను సాకిన ఇల్లాలియందు మిక్కిలి ప్రేమ గనబరచెను. మాట మాత్రము రాలేదు. 1828లో వాడు మరణించెను. పుట్టుకతోనే మందమతి గనుక తల్లిదండ్రులు అడవి పాలు చేసిరని కొందరు, మనుష్యుల పొందు లేక అట్లయ్యెనని ఇటార్, వాదించిరి. ఒక్క బాలుని బట్టి ఆ తగవు తీరునది గాదు, నేటికిని తీరలేదు.

పెంపకమే సర్వమైనచో, మనిషి ఇంట పెరిగిన జంతువునకును మాట రావలెను గదా! ఈ సందేహమును తీర్చుటకు 1931లో అమెరికాలో కెలాగ్ అను ఆచార్యుడును ఆయన భార్యయు విచిత్రమైన పని చేసిరి. గువా అను ఏడున్నర నెలల చింపాంజీ పిల్లను ఇంటికి తెచ్చి, తమ పది నెలల కుమారుడు డొనాల్డుతో సమానముగా పెంచిరి. ఒకే తీరు బట్టలు, ఒకే తీరు కుర్చీలు, ఒకే తీరు ముద్దులు. తొమ్మిది నెలలు ఇట్లు జరిగెను. చెంచాతో తినుటయందును, చెప్పిన మాట వినుటయందును మొదట చింపాంజీ పిల్లయే ముందుండెను. మాట మాత్రము ఒక్కటియు పలుకలేదు. ఇంతకన్న వింత మరొకటి జరిగినది. ఆహారము చూచినప్పుడు గువా చేయు అరపును డొనాల్డు నేర్చుకొని, తానును ఆకలి వేసినప్పుడు అట్లే అరవసాగెను! 1932 మార్చిలో గువాను చింపాంజీల శాలకు తిరిగి పంపివేసిరి.

ఈ ఇంటిలో పొడవు వెడల్పులు రెండును కనబడుచున్నవి. ఎంత పెంచినను చింపాంజీకి రాని మాట, మనిషి బిడ్డకు పుట్టుకతో సిద్ధముగా నున్న శక్తి. ఆ శక్తి ఏ యింట, ఎవరి నడుమ, ఏది వినునో దానిని పట్టుకొనును. అది చింపాంజీ అరపైనను సరే!

ఆ సిద్ధత ఎంత తొందరగా పని మొదలుపెట్టునో ఇటీవల తెలిసినది. భాగవతము సప్తమస్కంధమున ప్రహ్లాదుడు తల్లి గర్భముననే నారదుని ఉపదేశము వినెనని కలదు. 2009లో ఫ్రెంచి తల్లులకు పుట్టిన ముప్పదిమంది శిశువుల ఏడుపులను, జర్మను తల్లులకు పుట్టిన ముప్పదిమంది శిశువుల ఏడుపులను శాస్త్రజ్ఞులు పోల్చి చూచిరి. పుట్టి నాలుగైదు దినములైనను నిండని ఆ బిడ్డలలో ఫ్రెంచివారి ఏడుపు క్రిందినుండి పైకి లేచుచుండెను. జర్మనువారి ఏడుపు పైనుండి క్రిందికి దిగుచుండెను. ఆయా భాషలలో పెద్దల మాటతీరును అట్టిదే. గర్భమునందు చివరి నెలలలో బిడ్డకు తల్లి కంఠపు రాగము వినబడును. దీనిని పట్టుకొని పురాణము ఋజువైనదని సంబరపడరాదు. బిడ్డకు చేరునది పలుకుబడి రాగమే గాని ఉపదేశములోని అర్థము గాదు.

ఇక నోటి మాట. తెలుగువారికి "మాట" వేరు, "మాత" వేరు. "కోట" వేరు, "కోత" వేరు. ఇంగ్లీషు మాత్రమే ఎరిగిన పెద్దవారికి ఈ తకార టకారముల భేదము చెవికి అందుట కష్టము. హిందీలోను ఈ భేదమే కలదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను ఇద్దరు ఇంగ్లీషు ఇండ్లలోని శిశువులకు హిందీ తకార టకారములను వినిపించి పరీక్షించిరి. మాటలు రాని శిశువునకు భేదము తెలిసినదని ఎట్లు కనిపెట్టుట? తల్లి ఒడిలో బిడ్డ కూర్చుండును. ఒకే ధ్వని మరల మరల వినబడుచుండును. ధ్వని మారగానే ఒక ప్రక్క పెట్టెలో దీపము వెలిగి బొమ్మ ఆడును. ధ్వని భేదము వినబడిన బిడ్డ, దీపము వెలుగక మునుపే పెట్టె వైపు తల త్రిప్పును. ఆరు మొదలు ఎనిమిది నెలల బిడ్డలలో పెక్కుమంది తల త్రిప్పిరి. పది మొదలు పండ్రెండు నెలల బిడ్డలలో పెక్కుమంది త్రిప్పలేదు. మొదటి పుట్టినరోజు పండుగ రాకమునుపే, ఇంట వినబడని భేదమునకు చెవి మూతపడసాగినది!

దీని అర్థమేమి? ఆ కెనడా శిశువుల పూర్వులు తెలుగు గాని హిందీ గాని ఎరుగరు. ఐనను ఆరు నెలల వయస్సులో వారి చెవికి మాతకును మాటకును గల తేడా తెలిసినది. ఏ ఊయలలోని బిడ్డకైనను చెవి మొదట విశాలముగానే తెరచియుండును. తరువాత ఇల్లు దానికి గట్లు వేయును.

నెత్తురు భాషను దాచి యుంచునేమో యను శంకకు పారిసులో 2003లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన సమాధానము చెప్పినది. కొరియాలో పుట్టి, మూడు మొదలు ఎనిమిదేండ్ల లోపల ఫ్రెంచి కుటుంబములకు దత్తు పోయి పెరిగిన ఎనమండుగురు పెద్దవారిని పరీక్షించిరి. వారు ఫ్రెంచిని ఫ్రెంచివారివలెనే మాటాడుచుండిరి. కొరియా వాక్యములు వినిపించినప్పుడు వాటిని ఇతర పరభాషలనుండి వేరుగా గుర్తింపజాలరైరి. వారి మెదడును చిత్రించు యంత్రములోను కొరియా భాషకు ప్రత్యేకమైన స్పందన కానరాలేదు. చిన్ననాడు స్వయముగా పలికిన భాషయే ఆ నెత్తుట నిలువనప్పుడు, తాతముత్తాతల ఉచ్చారణ ఎట్లు నిలుచును?

ఇప్పుడు అరుగు మీదికి తిరిగి వత్తము. అమెరికాలో పుట్టి, ఇంట తెలుగు సరిగా విననట్టి మనుమడు సెలవులకు పల్లెకు వచ్చి "తాత" అనబోయి "టాటా" అనుట నేడు పలు ఇండ్లలో వినవచ్చు వేడుక. చుట్టపక్కములు ముచ్చటపడి నవ్వుదురు. "పాపము, అక్కడ వినలేదు గదా" అందురు. అది సత్యము, శాస్త్రమును అదే చెప్పుచున్నది. అదే ఊరిలో కూలివాని కొడుకు "శనివారము" అనుటకు "సనివారము" అనినచో, ఈ న్యాయము వానికి ఏల వర్తింపలేదు? వానియింట శకారము వినబడలేదు. వినబడిన సకారమును వాడు పొల్లుపోకుండ పట్టుకొనినాడు. మనుమని చెవి చేసిన పనియే వాని చెవియు చేసినది. ఒకనికి ఇల్లు కారణమయ్యెను, మరొకనికి కులము కారణమయ్యెను. నెత్తురు పేరు చెప్పి కులములకు మార్కులు వేసినవారు, తమ మనుమని దగ్గరకు వచ్చునప్పటికి పెంపకవాదులగుట గమనింపదగినది. అంతేకాక, సకారము పలుకు ఇంటి భాష తప్పుభాష గాదు. దాని నియమములు దానికి కలవు. బడి కోరు ఉచ్చారణ మరియొకటి యైనప్పుడు, వినిపించి నేర్పుట బడి పని.

పుట్టుకతో వచ్చు లోపములు లేనేలేవని చెప్పుట గాదు. లండనులో ఒక కుటుంబమున మూడు తరములలో సుమారు సగముమందికి పెదవిని నాలుకను కూర్చి మాట పలుకుట కష్టమైనది. 2001లో శాస్త్రజ్ఞులు ఆ కుటుంబమువారి జన్యువులలో ఒకదానియందు మార్పును కనిపెట్టిరి. ఆ జన్యువునకు ఫాక్స్‌పీ2 అని పేరు. ఇది నిజముగా నెత్తుటిలో నడచిన కష్టము. దానికి వైద్యులు, మాట నేర్పు శిక్షకులు కావలెను. అది కొద్దిమందికి కలిగిన వ్యాధి. ఒక కులమునకో, ఒక పేటకో అంటగట్టదగిన ముద్ర గాదు.

పెంపకము అనగా ఏమో గూడ సరిగా తెలిసికొనవలెను. చెవిలో ధ్వని పడినంత మాత్రమున సరిపోదు. 2003లో అమెరికాలో పెట్రీషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలు తొమ్మిది నెలల అమెరికను శిశువులకు చీనా భాష వినిపించెను. కొందరి యెదుట చీనా వనిత కూర్చుండి పుస్తకములు చదివి, బొమ్మలతో ఆడించెను. ఇరువదియైదు నిమిషముల చొప్పున పండ్రెండు మారులు అట్లు జరిగెను. మరికొందరికి అదే మాట, అదే ముఖము, టెలివిజను తెర మీద చూపబడెను. మనిషి యెదుట కూర్చున్న బిడ్డలు చీనా ధ్వనులను పట్టుకొనిరి. తెర చూచిన బిడ్డలకు ఏమియు అంటలేదు. నేడు పాలు త్రాగు బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చి తల్లి వంటపని చూచుకొనుట సర్వసాధారణమైనది. ఆమెను నిందించుట సులభము. ఇంటిలో మిగిలినవారు ఏమి చేయుచున్నారని ముందు అడుగవలెను. బిడ్డను మోకాళ్ల మీద ఊపుచు ఊకొట్టించిన అవ్వ ఏ పాఠశాలలోను శిక్షణ పొందలేదు గాని, ఆ తెర చేయలేని పనిని చేసినది.

వినుటకే వీలులేని బిడ్డ మాట ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము మధ్య అమెరికాలో చిన్న దేశమగు నికరాగువానుండి వచ్చినది. 1970 దశాబ్దము వరకు అచ్చటి చెవిటి బిడ్డలు ఎవరి యింట వారు, తల్లిదండ్రులతో కొన్ని సైగలు చేసికొనుచు, ఒంటరిగా పెరిగిరి. 1977లో రాజధాని మనాగువాలో వారికొక బడి పెట్టిరి. తరువాతి యేండ్లలో వందలకొలది బిడ్డలు చేరిరి. ఉపాధ్యాయులు పెదవుల కదలిక చూచి స్పానిషు గ్రహించుట నేర్పబోయిరి. అది అంతగా అంటలేదు. కాని ఆటస్థలమునను, బడి బస్సులోను బిడ్డలు తమతమ ఇంటి సైగలను కలబోసికొనసాగిరి. ఎవరును నేర్పని చేతుల భాష యొకటి అచ్చట పుట్టినది. 1986లో జూడీ కెగెల్ అను అమెరికను భాషావేత్త వచ్చి చూచునప్పటికి అది పెరుగుచుండెను.

అందులో ఒక విశేషము తెలుగువారికి సులభముగా బోధపడును. బంతి మింగిన పిల్లి వీధిలో దొర్లుచు దిగుట ఒక బొమ్మల చిత్రములో కలదు. దానిని చూపి కథ చెప్పుమనిరి. మొదటి తరము బిడ్డలు, దొర్లుటను దిగుటను కలిపి చేతిని త్రిప్పుచు క్రిందికి దింపిరి. కండ్లకు కనబడినదే చేతితో చూపిరి. తరువాత వచ్చిన చిన్నబిడ్డలు దొర్లుటకొక సైగ, దిగుటకొక సైగ వేరుచేసి, ఒకదాని వెంట ఒకటి పేర్చిరి. తెలుగున "దొర్లుచు దిగెను" అని రెండు పదములుగా చెప్పుటయు ఇట్టిదే. అభినయము భాషగా మారిన క్షణమది. పదేండ్ల లోపుననే బడిలో చేరినవారు ఈ భాషను ధారాళముగా పట్టుకొనిరి. పెద్దయైన పిదప చేరినవారికి అంత పట్టుబడలేదు.

మూగల మేడలో రానిది మనాగువాలో ఏల వచ్చినది? రెండుచోట్లను నేర్పువారు లేరు. కాని అక్బరు బిడ్డల చుట్టు నోరు కట్టుకొన్న దాదులు. ఇచ్చట వందలకొలది ఈడుజోడు బిడ్డలు, ఒకరికి చెప్పవలసినది మరియొకరికి కలదు. విత్తు ప్రతి బిడ్డయందును కలదు. దానికి కావలసిన తడి పండితుడు గాదు, తోటివాడు.

పల్లెలో పుట్టుచెవుడు గల బిడ్డకు "మూగవాడు" అని పేరు. పలుకు అవయవములు బాగుగనే యుండును. వినబడదు గనుక పలుకు రాదు. మూడు నాలుగేండ్లు వచ్చువరకు "వాని మేనమామకును ఆలస్యముగానే మాటలు వచ్చినవి" అని ఇంటివారు ఎదురుచూతురు. ఆ తరువాత "మొద్దు" అని వదలివేయుదురు. పసితనముననే చెవిని పరీక్షించు యంత్రములు పట్టణపు ఆసుపత్రులలో కలవు. బిడ్డ నిద్రించుచుండగనే కొలది నిమిషములలో పరీక్ష ముగియును. చెవిలో అమర్చు సాధనములును ఎంత ముందు అమర్చిన అంత ఉపకరించును. అవి అందినను అందకున్నను చేతుల భాషకు అడ్డులేదు. 2015లో ఢిల్లీలో భారతీయ సంజ్ఞాభాషకు ఒక పరిశోధన శిక్షణ కేంద్రము ఏర్పడినది. అది 2018లో మూడు వేల పదములతో నిఘంటువును వెలువరించెను. 2021 నాటికి పదములు పదివేలైనవి. ఆ నిఘంటువులో అర్థమును చదువనక్కరలేదు, కదలు బొమ్మలో చేతులను చూచిన చాలును. గ్రంథాలయమునకు వచ్చు యువకుల జేబులలోని ఫోనులయందు అది దొరకును. తెర ఎదుట బిడ్డను కూర్చుండబెట్టిన రాదు. ఇంటివారో, ఈడు పిల్లలో ఆ సైగలు నేర్చుకొని, వాని యెదుట కూర్చుండి, వానితో కబుర్లాడవలెను.